దాచినవి చూపించు

ఇళ్లకు తాళాలు పోయి ఫోల్డర్లు వచ్చాక కామేశానికి ఆదివారాలు చాలడం లేదు. అలమరైతే వస్తువు పేరు, వీధి తలుపైతే వచ్చినవాళ్ల పేరు గోడమీది తెరలో కనబడితేనే తెరుచుకుంటుంది. ఆ తెరను అందరికీ సులువుగా ఉండేలా సర్దడం ఆయనకు వ్యసనం.

కిందటి వారం సర్దినప్పుడు ఉప్పు దొరక్క పప్పు చప్పగానే తిన్నారు.

"వంటిల్లు, తెల్లవి, పొడులు. మూడు నొక్కులేగా!" అన్నాడు.

"ఇదివరకు చెయ్యి చాస్తే అందేదండీ," అంది భార్య సుభాషిణి.

ఈ ఆదివారం, ఇంటిపనికి వాడకంలో లేనివన్నీ దాచెయ్యమని తెరకు చెప్పి, ఆమె ఇచ్చిన కాఫీ తాగి, షికారుకు వెళ్లాడు. తిరిగొస్తే తలుపు తెరుచుకోలేదు.

సుభాషిణి తెరలో వెతికింది. చీపురుంది, అట్లకాడుంది, మూల పడేసిన గోనెసంచి కూడా ఉంది. మొగుడు లేడు.

"దాచినవి చూపించు అని నొక్కవే!" బయటినుంచి అరిచాడు కామేశం.

నొక్కింది. అక్కడ ఇద్దరున్నారు. ఒకరు కామేశం. రెండోవారు ఉగాదికి వచ్చి, తలుపు తెరుచుకోక, అలిగి వెళ్లిపోయిన ఆమె అన్నయ్య. యంత్రం పొరపాటన్నాడు అప్పట్లో కామేశం. అన్నయ్య పేరు కింద మాత్రం "కామేశం దాచినది" అని ఉంది.

ఆమె ఒక్క పేరే పైకి లాగింది.

"అయిందా?"

"అయిందండీ. అన్నయ్యకు ఫోన్ చేసి బతిమాలుకోండి. విజయనగరం నుంచి వస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. ఆయన వెనకాలే వచ్చెయ్యండి."