పూజ గూట్లో ఎనిమిది పలకలు

దినకరన్ దొంగిలించబోయేది దేవుడి సొత్తు కాదు. కానీ దేవుడి పక్కనే ఉంది, రోజూ విభూతి కూడా పెట్టించుకుంటోంది.

ఎనిమిది జింకు పలకలు. సింగానల్లూరులో ఇనుప బోల్టులకు జింకు పూత పూసే ఒక పట్టరైలో, అంటే చిన్న కార్ఖానాలో, పూజ గూట్లో వరసగా పేర్చి ఉంటాయి. ముప్పై ఆరేళ్ల కింద సుందరరాజన్ నాయుడు పట్టరై తెరిచినప్పుడు తెచ్చిన తొలి సరుకని అందరూ చెప్పుకుంటారు. ఆయన పోయాక భార్య జానకమ్మాళ్ వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. పూత తొట్టిలో వేలాడే జింకు పలకలు కరిగి అయిపోయి పని ఆగిపోయిన రోజున కూడా గూట్లోవి కదల్లేదు.

తొమ్మిదేళ్లుగా అక్కడ పూత పనిచేస్తున్న దినకరన్‌కు ఆ జింకు ఇప్పుడు అవసరమైంది. వాడిపట్టిలో ఉన్న మేనమామ పెరుమాళ్‌సామి కూతురు మేనకను ఇవ్వాలంటే అల్లుడికి సొంత పట్టరై ఉండాలట. ఉన్నదంతా ఊడ్చి దినకరన్ ఒక షెడ్డు పట్టాడు, తొట్టి కట్టించాడు, కరెంటును పూత పనికి తగ్గట్టు మార్చే పాత రెక్టిఫయర్ ఒకటి కొన్నాడు. మామ ఫోన్‌లో నవ్వాడు.

"తొట్టి ఎవుడైనా కట్టిస్తాడు అల్లుడూ. లోపల జింకు ఉంటేనే అది పట్టరై. లేకుంటే ఎద్దులు తాగే తొట్టి. శుక్రవారం వస్తా, చూపించు."

వెనక నుంచి మేనక గొంతు వినిపించింది. "బావా, శుక్రవారం జింకు లేకుంటే శనివారం నన్ను చూసేదానికి తేని ఊరి నుంచి మనుషులు వస్తా ఉండారు. పెండ్లికొడుకుకు ఏలకుల మండీ ఉండాదంట!"

దినకరన్ ఆ వారమే పని మొదలుపెట్టాడు. గూట్లోని వాటి కొలతకే ఎనిమిది ఇనుప పలకలు కోయించాడు. పట్టరైలో ఎవరూ పట్టించుకోనప్పుడు ఒక్కొక్కటే యాసిడ్‌లో కడిగి, తొట్టిలో వేలాడదీసి, కరెంటు పెట్టి జింకు పూత పూశాడు. ఇనుము, జింకు చేతికి ఇంచుమించు ఒకే బరువు. పైన కాస్త మసి, విభూతి పులిమితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఆ పూత పలకలనే మామకు చూపించవచ్చు కదా అని మనసు ఒకసారి అడిగింది. ఛీ, పిల్లనిచ్చే మామను మోసం చేయడమా? జానకమ్మాళ్‌ను చేయడం వేరు. ఆమె ఎలాగూ ఆ జింకును వాడదు.

నెలకోసారి పొద్దంతా కరెంటు ఆపే రోజు వచ్చింది. అందరూ ఇళ్లకు వెళ్లారు. మసక వెలుతురులో దినకరన్ గూట్లోవి దించాడు, తనవి ఎక్కించాడు, దించినవి చిన్న సరుకుల బండిలో వేసుకుని ఈల వేసుకుంటూ వెళ్లాడు.

మరునాడు జానకమ్మాళ్ విభూతి పెడుతూ ఒక పలక దగ్గర ఆగింది. దినకరన్ గుండె కూడా ఆగింది.

"ఏమిరా దినా, ఇంత నున్నగా ఉండాది?"

"తుడిసినానమ్మా. సామి పక్కన ఉండేది కదా."

"మంచి పని చేసినావు," అని ఆమె కర్పూరం వెలిగించింది.

ఆ సాయంత్రం దినకరన్ తన షెడ్డులో ఒక పలకను తొట్టిలో దింపి, పక్కన నాలుగు బోల్టులు వేలాడదీసి మీట నొక్కాడు. బోల్టులు మిలమిలా మెరిశాయి. గంట తర్వాత పలకను పైకి తీశాడు. జింకు పలక ఎంత కరిగినా లోపల ఉండేది జింకే. దీనికి మాత్రం తోలు ఊడినట్టు పైపూత పోయి నల్లటి ఇనుము బయటపడింది.

మిగతా ఏడింటికీ అయస్కాంతం ఆనించాడు. జింకైతే అంటుకోదు. ఏడూ అంటుకున్నాయి.

దినకరన్ నెత్తి కొట్టుకున్నాడు. నిన్న మసక చీకట్లో పదహారు పలకలనూ పక్కపక్కనే దించాడు. తన నకిలీ పలకలను తనే మోసుకొచ్చుకున్నాడన్నమాట! అసలువి గూట్లోనే ఉండిపోయాయి.

తెల్లవారితే గురువారం. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లగానే గూటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈసారి పొరపాటు జరగకూడదని ముందే అయస్కాంతం ఆనించాడు. టక్కున అంటుకుంది. రెండోదానికి ఆనించాడు. టక్. ఎనిమిదింటికీ అంతే.

అక్కడా ఇనుమే, ఇక్కడా ఇనుమే. మరి జింకు ఏది?

"కాంతం తియ్యిరా, సామి గూట్లో ఏమి ఆట అది?"

వెనకే జానకమ్మాళ్ నిలబడి ఉంది. దినకరన్ ఆమె కాళ్ల మీద పడ్డాడు. షెడ్డు, మామ, మేనక, తేని మండీ, అంతా ఒక్క ఊపిరిలో కక్కేశాడు.

"తెలుసులే. మీ మామ నాకు దాయాది. నిన్ననే ఫోను చేసి అడిగినాడు, మీవాని కాడ నిజంగా జింకు ఉండాదా అని. ఎనిమిది పలకలు ఉండాయి, నేనే చూసినా అంటిని."

దినకరన్ తలెత్తాడు. కళ్లలో నీళ్లు, గొంతులో నిజమైన కోపం.

"అమ్మా, నేను చేసింది తప్పే. పోలీసుకు పట్టించినా సరి. కానీ నాకంటే ముందే ఎవుడో దొంగ నా కొడుకు గూట్లోకి చెయ్యి పెట్టినాడు. జింకు కొట్టేసి, ఇనుముకు పూత పూసి పెట్టి పోయినాడు. వాణ్ణి వదలకండి!"

జానకమ్మాళ్ గోడనున్న భర్త ఫోటో వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలేలా నవ్వింది.

"వాణ్ణి ఎట్ల వదిలేదిరా? చేతిలో తునక జింకు లేని దినాన, నువ్వు మోసుకుపోయిన ఆ ఎనిమిదే మా నైనకు చూపించి, నన్ను కట్టుకొని తెచ్చినాడు!"