దసరా క్యాసెట్

మస్కట్‌ల ఉన్న బామ్మర్దికి మాటలు క్యాసెట్‌ల నింపి పంపాలని, అమర్నాథ్ పెండ్లాం మనోరమను తోలుకొని జహీరాబాద్‌ల నా రికార్డింగ్ దుకాణంకు వచ్చిండు.

మైకు వైరు ఆంప్లిఫయర్‌కు పెట్టి, అక్కడికెంచి టేపురికార్డర్‌కు కలిపిన. మైకు కూత పెట్టొద్దని లోపలి స్పీకర్ వైరు పీకేసి, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకున్న.

"అన్నా, నేను మంచిగున్న. ఫికర్ చెయ్యకు," అన్నది మనోరమ.

"ఇగ దసరాకు చెప్పే మాటలు చెప్పు. ఆయెనక దీవాళివి," అన్నడు అమర్నాథ్. "దేని క్యాసెట్ దానికే నింపున్రి."

"మొన్ననే గద పటేలా ఉగాది అయ్యింది. దసరాకు మళ్ల రాన్రి," అన్న నేను.

"అప్పుడు ఈమెకు కుదరది."

అమర్నాథ్ బీడీ ముట్టించుకుంట బయటికి పోయి తలుపు దగ్గరికేసిండు.

మనోరమ మైకు మీదికి వంగింది.

"భయ్యా, నీ కాళ్లు మొక్కుత. ఆ పండుగల క్యాసెట్లు మా అన్నకు పోనియ్యకు. నేనింక బతికే ఉన్ననని అనుకుంటడు."

హెడ్‌ఫోన్ తీసి ఆంప్లిఫయర్ దిక్కు చూసిన. గిరాకీ కోసం బయట తలుపు మీద కట్టిన స్పీకర్ వైరు పీకుడు మరిచిన. అది ఇంక దానికే ఉన్నది.

తలుపు తెరుసుకున్నది. అమర్నాథ్ చేతుల బీడీ సగం కూడ కాలలేదు.

"ఇగ దసరాది వద్దు తియ్," అన్నడు నిమ్మలంగ. "పా మనోరమా, ఇంటికి పోదాం."