బుడుంగ్

పిల్లల చేతిపట్టీ భయాన్ని పసిగట్టిందంటే చాలు, ఎవరి తెరపుస్తకం వాళ్లకి కథ మార్చేసేది. ఒకరి కథలో గుమ్మడికాయ నూతిలో పడదు, ఇంకొకరి కథలో అసలు కొండమీంచి దొర్లనే దొర్లదు. పన్నెండు మందికి పన్నెండు కథలు.

అంగన్‌వాడీ టీచరు సత్యవేణికి ఒళ్లు మండిపోయింది. తన చిన్ననాటి కాగితం పుస్తకం తెచ్చి అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుంది.

"దొర్లి దొర్లి గుమ్మడికాయ నూతిలో పడింది. ఏమని చప్పుడైంది?"

పిల్లలు ఎవరి చేతిపట్టీ వాళ్లు చూసుకున్నారు. కలిసి అరవడం వాళ్లెవరికీ అలవాటు లేదు. నాలుగేళ్ల హనీషా మాత్రం కాగితంమీది బొమ్మను వేలితో నొక్కి చూసి, "పడకుండా చెయ్యండి టీచర్" అంది.

"చెయ్యను! పడాల్సిందే! బుడుంగ్!"

హనీషా ఉలిక్కిపడి, కిసుక్కున నవ్వింది. "బుడుంగ్!" అని పన్నెండు గొంతులూ ఒక్కసారే లేచాయి. చేతిపట్టీలన్నీ ఎర్రగా వెలిగాయి.

గోడ తెరమీద సూపర్‌వైజరు ప్రత్యక్షమైంది. "ఏంటమ్మా అది? పిల్లలు జడుసుకుంటున్నారు, ఆపు!"

"జడుపే లేకపోతే ఇంక కథెందుకండీ? జోలపాట పెట్టి పడుకోబెట్టండి!"

"మళ్లీ పడెయ్యండి టీచర్!" అని అరిచింది హనీషా.

సత్యవేణి తెరకి వీపు తిప్పి, గుమ్మడికాయను మళ్లీ కొండెక్కించింది.