జింక పాట కత్తిరించిన రోజు

సినిమా ఇంకా సగం ఉండగానే నేల టికెట్టు పెద్దమనిషి లేచి బయటికి నడిచాడు.

వరసగా మూడో రోజు ఇలా.

అది చందానగర్ టూరింగ్ టాకీసు. రీలు మార్చడానికి ఆపిన ఆపరేటర్ ఎల్లేశం కేబిన్ లోంచి పిలిచాడు.

“ఏంది పెద్దాయనా, సినిమా మంచిగ లేదా?”

“జింక పాట చూశానండి. చాలు.”

పదిహేనేళ్ల నాటి సినిమా. ఆ పాటలో అయిదేళ్ల పిల్ల నిజం పిల్లే. దాని వెంట గెంతే జింక మాత్రం చేత్తో గీసిన బొమ్మ. పిల్ల జింక మెడ వాటేసుకుని నవ్వుతుంది. ఈ డెబ్బై నాలుగులో కూడా పిల్లలకది వింతే. యాభై దాటిన మనిషి రోజూ టికెట్టు కొని రావడం చోద్యం కాకపోతే ఏమిటి?

“గా బొమ్మ కోసం వస్తున్నవా? ఇంట్ల ఆడుకోనీకి మనుమండ్లు లేరా?”

“ఎవరూ లేరండి. రేపు కూడా వేస్తారుగా పాట?”

“ఎందుకెయ్యం.”

మర్నాడు యజమాని లింగమూర్తి చిరాగ్గా వచ్చాడు. ఆట విడిచేసరికి పటాన్‌చెరు ఆఖరి బస్సు పోతోందట, జనం తగ్గిపోయారట.

“ఒక పాట తీసెయ్ ఎల్లేశం.”

ఫైటు తీస్తే కుర్చీలు విరుగుతాయి. హీరోయిన్ పాట తీస్తే తెర చింపుతారు. బొమ్మ జింకను అడిగే దిక్కెవరు? ఎల్లేశం దాన్నే కత్తిరించాడు.

తీసిన ముక్క దాచి, ప్రింటు పంపేటప్పుడు మళ్లీ అతికించాలి. అదీ పద్ధతి. కానీ బయట మిర్చీలు వేసే చంద్రమ్మ, వానకు కట్టెలు తడిసి పొయ్యి రాజుకోవడం లేదంది. పాత ఫిలిమేగా అని ఎల్లేశం ఆ చుట్ట ఆమె చేతిలో పెట్టాడు. పాడు బుద్ధి.

ఆ సాయంత్రం పెద్దాయన కేబిన్ దగ్గరికొచ్చాడు.

“పాట రాలేదండి.”

“తీసేసినం. బస్సు అందుతలేదు.”

“ముక్క ఉందా బాబూ? ఇవ్వనక్కర్లేదు. ఒక్కసారి దీపానికి అడ్డం పెట్టి చూసుకుంటాను.”

“పొయ్యిల పెట్టినం. బొమ్మకు గింత పరేషాన్ ఏంది పెద్దాయనా?”

ఆయన కళ్లు తుడుచుకుని లింగంపల్లి వైపు నడిచాడు. మళ్లీ రాలేదు.

వారం తర్వాత ప్రింటు తీసుకుపోవడానికి కంపెనీ మనిషి రామచంద్రం వచ్చాడు. రీలు తిప్పి చూసి, పాట ముక్క పొయ్యిలో కాలిందని విని తల పట్టుకున్నాడు.

“ఎంత పని చేశావయ్యా. నెగెటివ్ ఎప్పుడో పాడైంది. మిగిలిన ప్రింటు ఇదొక్కటే.”

“బొమ్మనే గద సారూ. మళ్ల గీపియ్యుండ్రి.”

“జింకను గీయిస్తాం. పిల్లనెక్కడ తెస్తావు? షూటింగయిన నెలకే జ్వరమొచ్చి పోయింది.”

ఎల్లేశం బయట చంద్రమ్మ పొయ్యి వైపు చూశాడు.

“ఒకాయన రోజూ గా పాటకే వచ్చేటోడు సారూ...”

“ఆయన ఇక్కడికీ వచ్చాడా? ప్రింటు ఏ ఊరెళితే ఆ ఊరొస్తాడు.”

“ఎవరు సారూ?”

రామచంద్రం రీలు డబ్బాలో పెట్టాడు.

“షూటింగులో జింక ఎక్కడిదయ్యా? ఖాళీ చోటు చూసి నవ్వమంటే ఆ పిల్ల ఏడ్చింది. అప్పుడు వాళ్ల నాన్న మోకాళ్ల మీద పాకుతూ ఆడించాడు. పిల్ల వాటేసుకుని నవ్వింది ఆయన మెడే, జింకను తర్వాత ఆయన మీద గీశారు.”