ఉప్పు జాడీ

ఎవాంజలిన్ జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. రాళ్ల ఉప్పు తప్ప ఏమీ తగల్లేదు. పాత పేపరు పరిచి జాడీని దాని మీద బోర్లించింది. అంతా ఉప్పే. అడుగున దాచిన నీలం మాత్రల స్ట్రిప్పు లేదు.

పదిన్నరకి వినియోగదారుల ఫోరంలో ఉండాలి. ప్లీడరు మోహనకృష్ణ మరీ మరీ చెప్పాడు. "ఇది అలవాటైపోయే మందని కంపెనీ దాని మీద ఎక్కడా వెయ్యలేదమ్మా. మిగిలిన ఆ ఒక్క స్ట్రిప్పే మన సాక్ష్యం. జాగ్రత్తగా పట్టుకురా" అని.

సాక్ష్యం పోతే పోయింది, ఆమె భయం అది కాదు. మొగుడు టిమోతి మళ్లీ మింగాడేమోనని.

టిమోతి హార్బర్‌లో క్రేన్ నడిపేవాడు. నిచ్చెన మీంచి జారి నడుం విరగ్గొట్టుకుంటే సీతమ్మధార డాక్టరు ఈ మాత్రలు రాశాడు. నొప్పి పోయింది గానీ మాత్ర పోలేదు. ఒక్కపూట దొరక్కపోతే మండుటెండలో దుప్పటి కప్పుకుని వణికేవాడు. ఒకసారి తల గోడకేసి బాదుకున్నాడు. నెల కిందట ఆసుపత్రిలో ఉండి, ఏడ్చి మొత్తుకుని మానేశాడు. తప్పు మందుల కంపెనీదేనని తేలితే మళ్లీ పనిలోకి తీసుకుంటానన్నాడు కాంట్రాక్టరు. తేలకపోతే ఇక అంతే సంగతులు.

టిమోతి అన్నం తినడానికి తప్ప వంటింట్లోకి రాని మనిషి. అందుకే ఎవాంజలిన్ స్ట్రిప్పుని ఉప్పులో పాతిపెట్టింది. కానీ పొద్దున్న ఆమె వచ్చేసరికి జాడీ మూత గట్టు మీద ఉంది.

"అత్తా, ఉప్పు జాడీ నువ్వు తీసినావా?"

"తీసినాను తల్లీ. ఉప్మాలోకి ఉప్పు కావాల గదా" అంది కృపావతి.

"మళ్లీ మూత పెట్టినావా?"

"గేపకం నేదే. ఏటి, బల్లి గానీ పడిందా?"

ఏం చెబుతుంది? కొడుకు ఆసుపత్రిలో చేరిన వారంలోనే ఆవిడా మంచం పట్టింది. కంటిమీద కునుకు లేదు, నోటికి ముద్ద లేదు. కొడుకు మీద బెంగ అన్నారు పెందుర్తిలో చుట్టుపక్కలవాళ్లంతా. ఇన్నాళ్లకి ఇవాళే లేచి, తలంటుకుని, ఉప్మా కలిపి, ఫోరంకి తనూ వస్తానని ఇస్త్రీ చీర కట్టుకుంది. ప్రార్థన ఫలించిందని ఎవాంజలిన్ సంబరపడింది. ఆ సంబరం అరగంట కూడా నిలవలేదు.

మూత తీసి ఉన్న జాడీ టిమోతి కంట పడి ఉంటుంది. అంతకన్నా ఏం జరుగుతుంది?

అతను ముందుగదిలో చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అవస్థపడుతున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"జాడీలోది తీసినారా?"

"ఏ జాడీ?"

"నిజం సెప్పండి. తిట్టను, గొడవ సెయ్యను. నాకు బయమేత్తంది."

"నాకూ బయమే ఎవా. ఆ కంపెనీ లాయరు ఏటడుగుతాడో అని రాత్రంతా నిద్దర నేదు." బొత్తాం వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "రోజుకి రెండే మింగినానని ఎన్నిసార్లు సెప్పాలి? డాక్టరు రాసిందే రెండు. నువ్వూ నమ్మవు."

"మరి షాపోడి బిల్లులు?"

టిమోతి మళ్లీ బొత్తాం అందుకున్నాడు. కంపెనీవాళ్లు ఎలా సంపాదించారో గానీ, మందుల షాపు బిల్లులన్నీ ఫోరంలో పెట్టారు. అన్నింటి మీదా అతని పేరే. మంచం దిగలేని రోజుల్లో చీటీ ఇచ్చి పంపేవాడు. పాపం కృపావతే మోకాళ్ల నొప్పులతో కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి తెచ్చేది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆడ్ని ఏటీ అనకు తల్లీ. ఆడు తియ్యనేదు."

తల్లి కదా, అలాగే అంటుందనుకుంది ఎవాంజలిన్.

ఆటోలో దారి పొడుగునా ఆమె మొగుడి మొహమే చూస్తూ కూర్చుంది. చెమట పడితే భయం, ఆవలిస్తే భయం. మళ్లీ ఆ దుప్పటి, ఆ వణుకు, ఆ గోడ. ఈసారి తట్టుకోవడం తన వల్ల కాదు.

ఫోరంలో స్ట్రిప్పు లేదని తెలిసి మోహనకృష్ణ మొహం మాడ్చుకున్నాడు. ఇంతలో టిమోతిని బోనెక్కించారు. కంపెనీ లాయరు జయంత్ లేచాడు. గొంతు పెంచే రకం కాదు.

"డాక్టరు రోజుకెన్ని రాశారు టిమోతి గారూ?"

"రెండండి."

"మీరెన్ని మింగారు?"

"రెండే."

"కొన్నది మాత్రం రోజుకి నాలుగు." జయంత్ జడ్జీల బెంచీ వైపు తిరిగాడు. "రోజుకి రెండే వేసుకుంటే ఎవరికీ అలవాటు కాదని మా కంపెనీ మొదట్నుంచీ చెబుతోంది సర్. ఈయన రెట్టింపు మింగాడు. ఇందులో మందు తప్పేముంది?" మళ్లీ టిమోతిని చూశాడు. "మిగతా రెండూ ఎవరు మింగారు, మీ క్రేనా?"

వెనకాల ఎవరో నవ్వారు.

టిమోతి బోనులోంచి పెళ్లాం వైపు చూశాడు. ఒక్కరైనా నమ్మితే చాలన్నట్టుంది ఆ చూపు. ఎవాంజలిన్ చూపు తిప్పేసుకుంది. క్రేనూ పోయింది, కేసూ పోయింది, మనిషి కూడా పోయినట్టే అనుకుంది.

పక్కన కృపావతి బల్ల పట్టుకుని లేచింది.

"అత్తా, కూకో" అని కొంగు పట్టుకుని లాగింది ఎవాంజలిన్.

ఆవిడ కూర్చోలేదు. కొడుకునే చూస్తూ జయంత్‌కి జవాబు చెప్పింది.

"మిగతా రెండూ మింగింది నానండి."