పువ్వుకు పువ్వు

"నీ మందుకే నా ఈగలు సచ్చినాయి!" గట్టు మీద నిలబడి యోగానంద అరిచాడు.

"ఈ వారంలో నేను మందే కొట్టలేదప్పా. నా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు పక్క చేను బాలచంద్ర. "ఇరవై ఏండ్ల సావాసం. నమ్మవా?"

యోగానంద నమ్మలేదు. బావి గోడ కింద కుప్పగా రాలిన తేనెటీగలను వేలెత్తి చూపించాడు.

వడమాలపేట దగ్గర అతనిది అరెకరం కాకర పందిరి. రెండేళ్ల కిందట పూత విరగబూసినా పిందె నిలవలేదు. పువ్వు మీద వాలే ఈగే కరువైంది. అప్పుడే దేవకమ్మను పనికి పిలిచాడు. మోకాళ్లు అరిగి, వంగి కలుపు తీయలేని ముసలిది. అంతకుముందు ఏడాదిగా ఏ రైతూ ఆమె గడప తొక్కలేదు.

పందిరి కింద వంగే పని లేదు. తెల్లవారుతూనే మగ పువ్వులు తుంచి, ఒక్కో ఆడ పువ్వుకూ పుప్పొడి అద్దేది. పిందె నిలిచింది. యోగానంద భార్య మోహన ఆమెను తమ పక్కనే కూర్చోబెట్టుకుని సంగటి పెట్టేది.

"నీ చెయ్యి పడితేనే కాయ, దేవకమ్మా," అనేది.

ఈ ఏడు ఎక్కడినుంచో నాటు తేనెటీగలు వచ్చి బావి గోడ బొక్కలో గూడు పెట్టాయి. నెల తిరిగేసరికి పందిరంతా కాయే.

"ఇంక నీకు తిప్పలు తప్పినాయి. ఇంటికాడ సుకంగా ఉండు," అంది మోహన మొన్న, మనస్ఫూర్తిగా.

"మంచిదే కదమ్మా," అంది దేవకమ్మ.

గట్టు మీద మాటా మాటా పెరిగింది. యోగానంద చేయి చేసుకున్నాడు. బాలచంద్ర తిరిగి కొట్టలేదు. పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

"ఇంక నీ గట్టు తొక్కనప్పా," అని వెళ్లిపోయాడు.

అరుపులు విని వచ్చిన దేవకమ్మ గోడ కింద చతికిలబడింది. చచ్చిన ఈగలను ఒక్కొక్కటే కొంగులోకి ఏరింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి యోగానంద మెత్తబడ్డాడు.

"ఏడవొద్దు. రేపట్నుంచి మళ్లీ నువ్వే రావాల."

"వస్తా నాయనా."

ఇంటికి చేరాక దేవకమ్మ తలుపు గడియ పెట్టి, నిన్న మునిమాపున ఈగలన్నీ గూటికి చేరాక బావి గోడ బొక్కలో పోసిన మందు సీసాను తీసి, పెరట్లో చతికిలబడి గుంత తవ్వి పూడ్చింది.