చర్చిగోడ పక్కన ఒక్క చోటు

“ఈ గొడుగు కాస్త పట్టుకో,” అంటూ మాలకీ తడి గడ్డిలో అడుగులు కొలిచాడు. “ఒకటి, రెండు, మూడు... ఇదిగో, ఇక్కడ నేను. పక్కన ఇంకొకరికి చోటుంది.”

గొడుగు అందుకున్న డింప్నా చర్చిగోడ పక్కనున్న సమాధుల వరసను చూసి ఉలిక్కిపడింది. ఆ పాత చర్చి చరిత్ర రాయాలని ఆమె పక్క జిల్లా నుంచి వచ్చి ఏడేళ్ళయింది. ఏడువందల ఏళ్ళనాటి ఆ మొండిగోడల్లో ఏ రాయి ఎప్పటిదో చెప్పగలదు. ప్రతి శనివారం ఇద్దరూ కలిసి ఆ గోడల మీది తీగలు కోసేవారు. ఇన్నేళ్ళలో మాలకీ నోట ఆవుల సంగతి, వాన సంగతి తప్ప మూడో మాట వినలేదు.

“డాక్టరేమన్నాడు?” అంది భయంగా.

“ఏ డాక్టరు? దున్నలా ఉంటేనూ!”

“మరి పొద్దున్నే ఈ సమాధి కొలతలేమిటి?”

“మావాళ్ళ వరసలో మిగిలింది ఇదే. నువ్వు తీసుకుంటావేమోనని.”

“నేనా! ఏం, నా మొహం అంత పీక్కుపోయి ఉందా?”

“అయ్యో, అది కాదు...”

గోడ అవతల ట్రాక్టర్ మీద కూర్చున్న అతని అక్క నోరీన్ కేకేసింది. “ఒరే, అడిగి చావు! ఫ్లాస్కులో టీ చల్లారిపోతోంది!”

“అడుగుతున్నా, ఉండవే!” మాలకీ టోపీ తీసి పిండుతున్నాడు.

“ఇక్కడ మీ వంశంవాళ్ళని తప్ప పూడ్చనివ్వరుగా,” అంది డింప్నా. “ఆ కట్టుబాటు సంగతి నా పుస్తకంలో నేనే రాశాను.”

“దానికో దారుంది. ఫాదర్‌ని కూడా కనుక్కున్నా. సరేనన్నాడు.”

“నేను వద్దంటే?”

“ఖాళీగానే ఉంటుంది. ఇంకెవర్నీ అడగను.”

డింప్నా వరసంతా చూసింది. నాచు పట్టిన రాళ్ళ మీద పేర్లన్నీ రెండేసి. చివరి రాయి మాత్రం నున్నగా, ఏ పేరూ లేకుండా ఉంది.

“మా తాత కూడా మా నాయనమ్మని ఇక్కడే నిలబెట్టి ఇదే మాట అడిగాడట,” అన్నాడు మాలకీ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“అప్పుడావిడకు ఎన్నేళ్ళు?”

“పంతొమ్మిది.”

డింప్నా పగలబడి నవ్వింది. గొడుగు గాలికి ఎగిరిపోయినా పట్టించుకోలేదు. కళ్ళు తుడుచుకుని, నోరీన్‌కు కూడా వినబడేలా గట్టిగా చెప్పింది.

“సరే, పెళ్ళి మాత్రం పైకప్పున్న చర్చిలో!”